చేత్తో గీసినట్టుండే ఫాంటు కవరు మీద బాగుంది, లోపల పేజీల్లో పెడితే కళ్లు లాగుతున్నాయి

గీతలగోపి
పిల్లల కథల పుస్తకం ఒకటి డిజైన్ చేస్తున్నా. 24 పేజీలు, పేజీకో బొమ్మ, బొమ్మ కింద నాలుగైదు వాక్యాలు. కవరు కోసం చేత్తో గీసినట్టుండే ఒక బొద్దు ఫాంటు దొరికింది. అక్షరాలు గెంతుతున్నట్టు ఒకటి పైకి ఒకటి కిందకి, అంచులు కుంచెతో లాగినట్టు. అందరికీ నచ్చింది. ఆ ఊపులో లోపలి కథంతా కూడా దాంతోనే పెట్టేశా, 16 పాయింట్లలో. రెండు పేజీలు చదివేసరికి కథ రాసినావిడే "కళ్లు లాగుతున్నాయండీ" అన్నారు. సరే, పెద్దవాళ్ల కళ్లు అనుకుని ఊరుకున్నా. నిన్న మా అన్నయ్య కూతురు, ఏడేళ్ల పిల్ల, కవరు మీద అంత పెద్దగా ఉన్న "పాము పాట"ని "వాము వాట" అని చదివింది. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు, నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. తప్పు ఫాంటుదా నాదా? అసలు ఇలాంటి ఫాంట్లు ఎక్కడ వాడాలి, ఎక్కడ ముట్టుకోకూడదు?

అచ్చుతప్పు
వాము అరుగుదలకి మంచిది. పేరు మార్చకండి.

తలకట్టు99
తప్పు ఇద్దరిదీ, కానీ మీది ఎక్కువ.

ఇలాంటివాటిని డిస్‌ప్లే ఫాంట్లు అంటారు, అంటే పెద్ద సైజులో, నాలుగు మాటల కోసం గీసినవి. దూరం నుంచి చూడగానే ఇదేదో సరదా వ్యవహారం అని తెలిస్తే చాలు, వాటి పని అయిపోయినట్టే. కథ చదివేటప్పుడు కన్ను అక్షరం మీద ఆగకూడదు, జారిపోవాలి. అక్షరాలన్నీ ఒకే గీత మీద, ఒకే బరువుతో ఉంటేనే అలా జారుతుంది. మీ ఫాంటులో ప్రతి అక్షరమూ "నన్ను చూడు నన్ను చూడు" అంటోంది. కవరు మీద రెండు మాటలే కాబట్టి ముద్దొస్తుంది. పేజీకి నలభై మాటలు అలా అరిస్తే బళ్లో ఇంటర్వెల్ గంట కొట్టినట్టే. మీ రచయిత్రి కళ్లకేం కాలేదు.

ఇంకోటి, 72 పాయింట్లలో కుంచె అంచులా కనిపించే గరుకుదనం 16లో మురికిలా కనిపిస్తుంది. అంచు మీద గీసిన చిన్న చిన్న పళ్లన్నీ ముద్రణలో కలిసిపోయి, అక్షరం చుట్టూ సిరా చెదిరినట్టు అవుతుంది. స్క్రీన్ మీద ఇంకా ఘోరం, ఆ పళ్లకి సరిపడా పిక్సెళ్లే ఉండవు.

పిక్సెల్‌పిల్ల
ఒక్క నిమిషం. పిల్లల పుస్తకమన్నాక లోపల కూడా సరదాగా ఉండకూడదా? నీరసంగా పాఠ్యపుస్తకంలా పెట్టమంటారా ఏంటి? నేను చేసిన రెండు పుస్తకాల్లో లోపల చేతిరాత ఫాంటే పెట్టా, ఎవరూ ఏమీ అనలేదు.

తలకట్టు99
@పిక్సెల్‌పిల్ల ఎవరూ ఏమీ అనలేదంటే చదివారని కాదు కదా :)

పిక్సెల్‌పిల్ల
అబ్బో. చదివారండీ, పిల్లలు బయటికి చదువుతుంటే పక్కనే కూర్చుని విన్నా. నేను పెట్టినది బొద్దు ఫాంటు కాదు, సన్నగా పెన్సిల్‌తో రాసినట్టుండేది, గెంతులూ లేవు. చేతిరాత ఫాంట్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి అంటున్నా, అంతే.

సిరాచుక్క
పిక్సెల్‌పిల్ల గారి మాటలో నిజం ఉంది. చేత్తో గీసినట్టుండేవాటిలో మూడు నాలుగు రకాలున్నాయి. పెన్నుతో తీరిగ్గా రాసిన దస్తూరీలాంటివి ఒక రకం, ఇవి చిన్న పేరాగ్రాఫు వరకు నడుస్తాయి. కుంచెతో విసురుగా లాగినవి ఇంకో రకం. మూడోది ముందు అంచు గీసి లోపల రంగు నింపినట్టుండే బొద్దువి, గోపి గారిది ఇదే అనుకుంటా. ఇవి అసలు రాతే కావు, బొమ్మలు. బొమ్మల్ని పేరాగ్రాఫులో పేరిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

వత్తువదలను
అందరూ వాము సంగతి వదిలేశారు. అసలు గొడవ అక్కడే ఉంది.

ప తలకట్టు ఒంటికి అంటదు, మధ్యలో సందు ఉంటుంది. వ తలకట్టు అతుక్కుని ఉంటుంది. రెంటికీ ఉన్న తేడా దాదాపు ఆ సందే. బొద్దు ఫాంటులో గీత లావవుతుంటే మొదట పూడిపోయేది ఆ సందే. పా అయినా అంతే, దీర్ఘం వచ్చి ఒంటికి తగిలిందంటే వా అయి కూర్చుంటుంది. పిల్ల తప్పు చదవలేదు గోపి గారూ, అక్కడ ఉన్నదే చదివింది. మనకి పాము తెలుసు, పక్కన బొమ్మ ఉంది, కాబట్టి బుర్ర సర్దేసుకుంటుంది. ఏడేళ్ల పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది, సర్దుకోదు.

ఇలాంటి జంటలు తెలుగులో బోలెడు. ద, ధ, థ చూడండి: కింద చిన్న గీత, లోపల చుక్క, అవే తేడా. లావుగా గీస్తే చుక్క పూడిపోతుంది. ర లోపల చుక్క పెడితే ఠ. బ, భ. చ, ఛ. "వ"కి కొమ్ము మామూలుగా పక్కన తగిలిస్తే "మ"లా అయిపోతుందనే "వు", "పు"లకి కొమ్ము కింది నుంచి తిప్పుతాం. సరదా కోసం గీసేవాళ్లలో కొందరు ఆ తిప్పడం మర్చిపోతారు, అప్పుడు "ఆవు" కాస్తా "ఆమ"లా తయారవుతుంది.

నేను ఏ డిస్‌ప్లే ఫాంటు దించుకున్నా ముందు టైప్ చేసే వరస ఇది: పావు, వాము, మాయ, ధర, దర, రథం, రదం, ఠావు, రావు, ఘటం, బాధ, భాద. ఇవి పక్కపక్కన పెట్టి, కళ్లు కాస్త చికిలించి చూసినా తేడా తెలిస్తే అప్పుడు వాడతా.

అచ్చుతప్పు
"భాద" అని రాసేవాళ్లకి ఫాంటు అక్కర్లేదు, సొంతంగానే రాస్తారు.

గీతలగోపి
@వత్తువదలను ఇప్పుడే మీ వరస టైప్ చేశా. రథం, రదం రెండూ ఒకేలా ఉన్నాయి!! థలో చుక్క ఉంది గానీ 400 శాతం పెద్దది చేస్తే తప్ప కనిపించట్లేదు. అయితే ఈ ఫాంటు పారేయాల్సిందేనా? కవరు బొమ్మ మొత్తం దీని చుట్టూ అల్లుకున్నా.

కుంచెకొస
పారేయకండి. కవరు మీద ఉన్నవి నాలుగు అక్షరాలు. వాటిని టైప్ చేసిన అక్షరాలుగా ఉంచకుండా అవుట్‌లైన్లుగా మార్చేయండి, అప్పుడవి మీ చేతిలో ఉన్న గీతలు. "పా"ల దగ్గర సందు కోసి తెరవండి. తలకట్టుని ఒక నూలు పైకి జరపండి. ఐదు నిమిషాల పని. ముందు ఫైలు కాపీ దాచుకోండి, అవుట్‌లైన్ అయ్యాక అక్షరదోషం కనబడితే దిద్దడం ఉండదు. (అనుభవం. చెప్పను.)

నా గొడవ వేరే. మీరు చేత్తో గీసిన "భావన" కోసం ఫాంటు కొన్నారు, మంచిదే. కానీ "పాము పాట"లో "పా"లు రెండు ఉన్నాయి. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా, అదే వంపు, అదే గరుకు, అదే చోట చిన్న నొక్కు. చేత్తో రాసేవాడు పా రెండుసార్లు రాస్తే రెండూ ఒకేలా వస్తాయా? చూసేవాడు ఇది ఫలానా అని చెప్పలేడు గానీ ఏదో అతికించినట్టుంది అనుకుంటాడు. తెలుగులో ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే పిల్లల పుస్తకాల పేర్లన్నీ జంటమాటలే: బుడిబుడి అడుగులు, గలగల, చకచక, టపటప, చిట్టిచిట్టి, అమ్మమ్మ. అమ్మమ్మలో మ్మ రెండుసార్లు. గలగలలో గల రెండుసార్లు. ఫాంటు గుట్టు బయటపడటానికి మన భాషలో ప్రతి సరదా మాటా ఒక వల.

బొమ్మలబాబు
@కుంచెకొస ఇది చాలా మంచి పాయింటు, జంటమాటల సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

దీనికి ఫాంటులోనే మందు ఉంది. ఇప్పటి ఫాంటు ఫైళ్ల పద్ధతి ఓపెన్‌టైప్‌లో కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ అని ఒక సదుపాయం. గీసేవాడు ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి పెడితే, అదే అక్షరం దగ్గర్లో మళ్లీ వచ్చినప్పుడు రెండో రూపం తనంతట తానే పడుతుంది. ఇంగ్లిష్ చేతిరాత ఫాంట్లలో ఇది మామూలే. అంతకంటే ముందే, 1989లో, యస్ట్ వాన్ రోసమ్, ఎరిక్ వాన్ బ్లోక్‌లాండ్ అనే ఇద్దరు డచ్ డిజైనర్లు బేవుల్ఫ్ అని ఒక ఫాంటు చేశారు, ప్రింటరు అక్షరం అచ్చేసిన ప్రతిసారీ అంచులు యాదృచ్ఛికంగా మారిపోయేవి. ఏ రెండు అక్షరాలూ ఒకేలా రావు. చూడటానికి గొంగళిపురుగుల్లా ఉంటాయి గానీ ఆలోచన అదిరింది.

తెలుగులో మరి ఎందుకు రాదంటారా? లెక్క చూడండి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టికలో, తెలుగుకి కేటాయించిన గళ్లు 128 మాత్రమే, 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. కానీ గీయాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి: గుణింతాలు, వత్తులు, కలిసినప్పుడు ఆకారం మారేవి. ఒక్క రూపం గీసేసరికే నడుం పడిపోతుంది. ప్రతిదానికీ మూడేసి అంటే ఆ మనిషిని మళ్లీ చూడం.

కుంచెకొస
అన్నిటికీ అక్కర్లేదు కదా బాబు గారూ. ఎక్కువగా తిరిగే ఇరవై ముప్పై రూపాలకి రెండో వేషం గీసినా సగం గుట్టు దాగుతుంది.

బొమ్మలబాబు
ఒప్పుకున్నా. ఎవరు గీస్తారు?

కుంచెకొస
...

అచ్చుతప్పు
నిశ్శబ్దం గలగలా వినిపిస్తోంది.

పాతమిషను
నేను డిజైనర్ని కాదు, కట్టింగ్ మిషను మీద స్టిక్కర్లు కోసేవాణ్ణి. మీరంతా అందం గురించి మాట్లాడుతున్నారు, నా తిప్పలు కూడా వినండి. ఒకాయన ఇలాంటి గరుకు అంచుల ఫాంటుతో పేరు డిజైన్ చేసి పంపాడు, గోడ మీద అంటించడానికి. ఒక్కో అక్షరం చుట్టూ వందల కొద్దీ చుక్కలు, అంటే గీత వంపు తిరిగే బిందువులు. బ్లేడు ప్రతి చుక్క దగ్గరా ఆగి మలుపు తిరగాలి. మామూలుగా పది నిమిషాల్లో అయ్యేది గంట దాటింది, ఆ సన్నటి పళ్లన్నీ కాగితం మీద నుంచి తీస్తుంటే ఊడి చేతికొచ్చాయి. చివరికి అంచులు నున్నగా చేసి మళ్లీ కోశా. గోడ మీద అంటించాక ఆయనకి తేడా తెలియనే లేదు!

కాబట్టి అడిగేదొక్కటే. స్టిక్కరు, రబ్బరు స్టాంపు, ఎంబ్రాయిడరీ, ఇలాంటివాటికి వెళ్లే పనయితే బొద్దుగా, నున్నటి అంచుతో ఉండే సరదా ఫాంటు తీసుకోండి. గరుకువి కాగితానికీ స్క్రీనుకీ వదిలేయండి.

ఇంకోటి, రెండు గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోయే ఫాంట్లు కొన్ని ఉంటాయి, నింపినప్పుడు కనబడదు, బ్లేడుకి మాత్రం కనబడుతుంది. అక్షరం మధ్యలో కోసేస్తుంది. పంపే ముందు ఆకారాలన్నీ ఒకటిగా కలిపేయండి బాబూ.

పిక్సెల్‌పిల్ల
@పాతమిషను అక్షరాల చుట్టూ వేరే రంగు బోర్డరు పెడితే లోపల అడ్డదిడ్డంగా గీతలు వచ్చేది దీనివల్లేనా? నేను రెండేళ్లుగా నా సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటున్నా.

పాతమిషను
దీనివల్లే తల్లీ.

సిరాచుక్క
టీ షర్టుల సంగతి కూడా కలపండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా కాస్త పాకుతుంది, పైన చెప్పిన ప తలకట్టు సందు కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపించినా గుడ్డ మీద పూడిపోవచ్చు. సందులు అవసరమనుకున్న దానికంటే కొంచెం ఎక్కువే తెరవాలి.

నాలుగోమార్జిన్
ఇంతసేపూ ఎవరూ కామిక్ సాన్స్ పేరెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. సరదా ఫాంటు తప్పు చోట పెడితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే పెద్ద కథ లేదు. పరువు తక్కువ ఫాంటు.

సిరాచుక్క
దాన్ని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది గానీ పుట్టుక చూస్తే అది చేసిన పాపం ఏమీ లేదు. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనేర్ గీశాడు. అప్పుడు బాబ్ అని ఒక ప్రోగ్రాం తయారవుతోంది, అందులో బొమ్మ కుక్క ఒకటి మాట్లాడుతుంది, దాని మాటలు టైమ్స్ న్యూ రోమన్‌లో ఉన్నాయి. కుక్క పత్రికలో సంపాదకీయంలా మాట్లాడుతోందేంటి అనిపించి, కామిక్ పుస్తకాల్లో మాటల బుడగల్లో ఉండే చేతిరాత చూసి ఇది గీశాడు. తీరా అక్షరాల కొలతలు ఆ ప్రోగ్రాంలో ఇమడలేదు, బాబ్‌లోకి వెళ్లనే లేదు. తర్వాత విండోస్‌తో పాటు అందరి కంప్యూటర్లలోకీ వచ్చేసింది. మెనూలో చేతికి దొరికింది కదాని నోటీసు బోర్డుకీ, సంతాప సందేశానికీ వాడినవాళ్లది తప్పు. మాటల బుడగలో పెట్టి చూడండి, ఈరోజుకీ బాగానే ఉంటుంది.

నాలుగోమార్జిన్
హిగ్స్ బోసాన్ కణం కూడా బొమ్మ కుక్కేనా మరి? 2012 జులై 4న సెర్న్ పరిశోధన కేంద్రంలో అది దొరికిందని ప్రకటించినప్పుడు శాస్త్రవేత్త ఫాబియోలా జనోటీ స్లైడ్లు కామిక్ సాన్స్‌లోనే ఉన్నాయి. దశాబ్దాల శ్రమ, ఆ ఫాంటు.

తలకట్టు99
హహ, నిజమే. అయినా కణం దొరికిందిగా.

పిక్సెల్‌పిల్ల
నాకైతే ఆవిడ మీద గౌరవం పెరిగింది. కంటెంటు బరువు ఉన్నప్పుడు ఫాంటు ఏదైతేనేం?

నాలుగోమార్జిన్
అదే కంటెంటు బరువు కదా మరి, ఎందుకు జనం వారంపాటు ఫాంటు గురించి మాట్లాడుకున్నారు? ఫాంటు గొంతులాంటిది. చెప్పేది ఎంత గొప్పదైనా మిక్కీ మౌస్ గొంతుతో చెప్తే మొదట గొంతే వినబడుతుంది.

వత్తువదలను
ఈ గొంతు మాటతో నేను ఏకీభవిస్తున్నా. మందు మోతాదు, ప్రమాద హెచ్చరిక, దరఖాస్తు ఫారం, వీటిలో గెంతే అక్షరాలు చూస్తే నాకు భయమేస్తుంది. ఆటల పేర్లు, బొమ్మల పుస్తకం కవరు, వీడియో థంబ్‌నెయిల్, పిల్లల వర్క్‌షాపు పోస్టరు, ప్యాకెట్ మీద పేరు, ఇక్కడ ఎంతయినా గెంతనివ్వండి. థంబ్‌నెయిల్లో మాత్రం మూడు మాటలు దాటొద్దు. ఫోనులో అది బొటనవేలి గోరంత కనిపిస్తుంది.

అన్నట్టు గోపి గారూ, మీ కవరు మీద వరసల మధ్య దూరం ఎంత పెట్టారు? తెలుగు గెంతుడు ఫాంట్లతో ఇంకో చిక్కు ఏంటంటే, ఇంగ్లిష్ అక్షరం గెంతితే అదొక్కటే గెంతుతుంది. మనది వత్తుని కూడా వెంటేసుకుని గెంతుతుంది. "స్త్రీ" చూడండి, కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం. అది కిందకి గెంతితే తర్వాతి వరసలో ఉన్న "కీ" గుడి దీర్ఘానికి గుద్దుకుంటుంది. నేను మామూలు ఫాంటు కంటే సగం ఎక్కువ దూరంతో మొదలుపెట్టి, ఢీకొట్టుకునే చోట మాట మార్చమని రచయితనే బతిమాలతా.

గీతలగోపి
కవరు మీద ఒకే వరస కాబట్టి బతికిపోయా. కానీ వెబ్ పేజీలో అదే పేరు పెడితే కింద వత్తు సగానికి తెగిపోతోంది, కత్తిరించినట్టు. లోపలి కథ ఒకదాని పేరు "చిట్టి చక్రం". అందులో క్రావడి సగమే ఉంది.

బొమ్మలబాబు
అది ఫాంటు గీసినవాడి పొరపాటు. ప్రతి ఫాంటుకీ పైన ఇంత, కింద ఇంత అని ఎత్తు కొలతలు రాసి ఉంటాయి. సరదాగా వత్తుల్ని పెద్దగా గీసి కొలతలు మాత్రం పాతవే ఉంచితే, కొన్ని ప్రోగ్రాములు ఆ కొలత దాటినదాన్ని కోసేస్తాయి. మీ వైపు నుంచి చేయగలిగింది ఆ పెట్టెకి కింద కాస్త ఖాళీ ఇవ్వడం, లైన్ హైట్ పెంచడం. దానికీ లొంగకపోతే పేరుని బొమ్మగా పెట్టేయండి, వెనక మామూలు టెక్స్టు కూడా ఉంచండి, లేకపోతే వెతికినప్పుడు దొరకదు, చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి కూడా అందదు.

చిన్నక్షరం
కొత్తవాణ్ణి. డబ్బు పెట్టకుండా దొరికే తెలుగు సరదా ఫాంట్లు ఏమున్నాయి? నాకు దొరికినవన్నీ టైప్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలు వస్తున్నాయి.

వత్తువదలను
పిచ్చిగీతలు వచ్చేవి పాతకాలం యూనికోడ్ కానివి. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవాళ్లు. అచ్చుకి పనికొస్తాయి గానీ అందులో టైప్ చేసింది ఇంకెక్కడ అతికించినా గందరగోళమే.

యూనికోడ్‌లో అయితే గూగుల్ ఫాంట్స్‌లో చూడండి. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసినవాటిలో రవిప్రకాష్, లక్కిరెడ్డి రెండూ డిస్‌ప్లే రకమే. బొద్దుగా, గుండ్రంగా కావాలంటే ఏక్‌టైప్ వాళ్ల బలూ తమ్ముడు.

అచ్చుతప్పు
బలూ తమ్ముడు అనేది నిజంగా ఫాంటు పేరా?? ఎవరో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నా.

సిరాచుక్క
నిజమే :) ఒకే కుటుంబం, లిపికో చుట్టరికం. గుజరాతీకి బలూ భాయ్, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, కన్నడకి తమ్మ, బెంగాలీకి దా, ఒడియాకి భైనా, గురుముఖికి పాజీ. మనవంతుకి తమ్ముడు వచ్చాడు. మొదట ఒక్క లావులోనే ఉండేది, తర్వాత బలూ 2గా వచ్చినప్పుడు రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు లావులు వచ్చాయి. చేత్తో గీసిన గరుకు ఉండదు గానీ కుంచె మెత్తదనం ఉంటుంది. పాతమిషను గారికి ఇష్టమైన రకం.

పాతమిషను
తమ్ముణ్ణి చాలాసార్లు కోశా. మంచివాడు.

అచ్చుతప్పు
ఈ వాక్యాన్ని విడిగా ఎవరైనా చూస్తే పోలీసులు వస్తారు.

నాలుగోమార్జిన్
@చిన్నక్షరం ఉచితం అని ఉన్నంత మాత్రాన దించేసుకోకండి, లైసెన్సు చదవండి. ఓఎఫ్ఎల్, అంటే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంటే బెంగ లేదు. అమ్మే పుస్తకంలో, పోస్టరులో, లోగోలో వాడుకోవచ్చు. ఫాంటు ఫైలుని దానంతటదే అమ్మకూడదు, అంతే. మార్చి మళ్లీ విడుదల చేస్తే అదే లైసెన్సు కింద ఇవ్వాలి, పాత పేరు వాళ్లు రిజర్వు చేసుకుని ఉంటే కొత్త పేరు పెట్టుకోవాలి. "పర్సనల్ యూజ్" అని ఉన్నవాటితో మాత్రం జాగ్రత్త. అమ్మే పనికి వాడాలంటే విడిగా కొనాలి. నేనొకసారి అది చూసుకోకుండా లోగో మొత్తం చేసి, క్లయింటుకి చూపించాక తెలిసి, రాత్రికి రాత్రి అక్షరాలన్నీ చేత్తో మళ్లీ గీశా. నిజం చెప్పాలంటే చేత్తో గీసిందే బాగా వచ్చింది.

కుంచెకొస
చూశారా!! నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. నాలుగు అక్షరాల పేరుకి ఫాంటు ఎందుకు? కాగితం తీసి పేరుని ముప్పైసార్లు రాయండి, బాగా వచ్చిన దాన్ని ఫోటో తీసి దాని మీద గీతలు లాగండి. రోజర్ ఎక్స్‌కోఫోన్ అనే ఫ్రెంచ్ డిజైనర్ 1953లో మిస్త్రాల్ అనే ఫాంటు చేసినప్పుడు తన చేతిరాతే మూలం. సీసపు అచ్చుల్లో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కునేలా చేయడానికి ఆయన పడ్డ పాట్లు మనకి లేవు. మన దగ్గర ఫోను ఉంది.

తలకట్టు99
అందరి చెయ్యీ మీ చెయ్యిలా ఉండదు కుంచె గారూ. నా చేతిరాత చూసి మందుల షాపు వాళ్లు మాత్రలు ఇచ్చేస్తారు. నాలాంటివాళ్ల కోసమే ఎవరో కూర్చుని ఫాంటు గీసి పెట్టారు, వాళ్లకి దండం.

పిక్సెల్‌పిల్ల
+1. పైగా కుంచె గారు చెప్పింది ఒక పేరుకి బాగుంటుంది. 12 పుస్తకాల సిరీస్ అయితే? పన్నెండు పేర్లూ ఒకే గొంతుతో ఉండాలంటే ఫాంటే దిక్కు.

కుంచెకొస
సిరీస్ అయితే ఒప్పుకుంటా. సగం.

గీతలగోపి
ఈ రెండు రోజుల్లో చేసింది చెప్తా. లోపలి కథ మొత్తం తీసేసి మామూలు, కాస్త గుండ్రంగా ఉండే టెక్స్టు ఫాంటు పెట్టా, 18 పాయింట్లు. పాత్రలు అరిచే మాటలు, "దభీ!", "బుస్‌స్!", వీటిని మాత్రం పాత గెంతుడు ఫాంటులో పెద్దగా, బొమ్మ మీదకి పాకేలా ఉంచా. కవరు మీద "పా"లు రెండిటికీ తలకట్టు విడదీశా, రెండో పాని మూడు డిగ్రీలు తిప్పి దీర్ఘం కొంచెం సాగదీశా. ఇప్పుడు రెండూ కవలల్లా లేవు, అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఒక తప్పు ఒప్పుకోవాలి. థలో చుక్క పూడిపోవడానికి సగం కారణం నేనే. ఫాంటులో బోల్డ్ లేదు, నేను మెనూలో బోల్డ్ బటన్ నొక్కి పెట్టా.

తలకట్టు99
అయ్యయ్యో. ఆ ముక్క మొదటి పోస్టులోనే చెప్పాల్సింది కదండీ!

వత్తువదలను
నా పెద్ద పోస్టంతా వెనక్కి ఇచ్చేయండి.

బొమ్మలబాబు
బోల్డ్ లేని ఫాంటుకి బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేరు అక్షరం చుట్టూ గుడ్డిగా మందం పెంచేస్తుంది. సందులు, చుక్కలు అన్నీ పూడతాయి. అసలే బొద్దుది, దానికి స్వెట్టరు తొడిగారు. అయినా వత్తు గారి పోస్టు వృథా కాదు, స్వెట్టరు తీసి మళ్లీ ఆ వరస టైప్ చేసి చూడండి.

గీతలగోపి
తీసి చూశా. థ బతికింది. "ప" మాత్రం అప్పటికీ "వ"లాగే ఉంది, కాబట్టి కోసింది కోసినట్టే ఉంచా.

పిక్సెల్‌పిల్ల
"బుస్‌స్"లో స్ పొల్లులు రెండూ ఒకేలా ఉంటాయి, చూసుకోండి. ఒకదానికంటే ఒకటి పెద్దవి చేసుకుంటూ పోతే పాము దగ్గరికొస్తున్నట్టు ఉంటుంది.

గీతలగోపి
అబ్బ, ఇది భలే ఉంది. నాలుగు స్‌లు పెట్టేస్తా.

సాయంత్రం మా అన్నయ్య కూతురికి కొత్త కవరు చూపించా. "పాము పాట" అని గడగడా చదివేసింది. తర్వాత పాముకి నాలుక ఏదని అడిగింది. నిజంగానే గీయలేదు. ఇప్పుడు బొమ్మ మళ్లీ తెరుస్తున్నా.

అచ్చుతప్పు
వాముకి నాలుక ఉండదు కాబట్టి పాత పేరే ఉంచుంటే పని తప్పేది.